జీపు రాని ఉదయం

ఆగస్టు 2

మా అక్క హేమ్లిని ఖమ్మం హాస్టల్‌లో చేర్పిస్తానని మాటిచ్చి రాని మనిషి, ఇప్పుడు నవల రాశాడు. పోస్టులో వచ్చింది. లోపల సంతకం: ‘చిన్ననాటి కిషన్‌లాల్‌కి, వెంకటేశ్వరరావు.’ రిలీజ్ పదిహేడున, ఖమ్మంలో. నేనూ స్టేజీ ఎక్కి మాట్లాడాలట.

ఆగస్టు 3

ప్రతి చాప్టర్‌లోనూ వెన్నెల. మా బూర్గంపాడులో అమావాస్యలే లేనట్టు.

కానీ ఊరు మాత్రం ఊరే. గోదావరి మీద బ్రిడ్జి కొత్త. పని పోయిన పడవవాళ్లు టీ హోటల్ ముందు కూర్చుని, దాటే ప్రతి లారీనీ తిట్టేవాళ్లు. పొగాకు కాల్చే బ్యారన్ల వాసన బడి దాకా వచ్చేది. టూరింగ్ టాకీస్‌లో రీలు తెగితే హేమ్లి మిగతా కథ అక్కడికక్కడే అల్లి చెప్పేది. నేల క్లాసంతా ఆమె వైపు తిరిగేది. అదీ రాశాడు.

ఆగస్టు 5

ఆడపిల్లకు చదువెందుకనేవాడు మా నాన్న రెడ్యా. వెంకటేశ్వరరావు వాళ్ల భూమే కౌలుకు చేసేవాడు కాబట్టి, వాడొచ్చి అడిగితే కాదనలేడు. అదీ ప్లాన్. తీజ్ పండక్కి గోధుమలు చల్లే రోజు పొద్దున్నే వాళ్ల జీపులో వస్తాడు. ఆలస్యం కాకూడదు. మా తండాలో పెళ్లికాని పిల్ల ఒకసారి బుట్టలో గోధుమలు చల్లిందంటే, ఆ మొలకలను వాగులో కలిపేదాకా ఊరు దాటదు. తొమ్మిది రోజులు. హాస్టల్ సీటు అన్నాళ్లు ఆగదు.

తండా మొదట్లో ఎండ ముదిరేదాకా నిలబడ్డాను. వాగు హోరు తప్ప ఏ చప్పుడూ లేదు. హేమ్లి గోధుమలు చల్లింది. సీటు పోయింది. మరుసటేడు పెళ్లి. తర్వాత వాడు ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు.

ఆగస్టు 6

దొంగ.

ఆగస్టు 6, సాయంత్రం

నవలలో జీపు వచ్చిందట! వాగు అవతల తీజ్ బుట్టలకు పుట్టమన్ను తవ్వుతున్న పిల్ల దాన్ని ఆపి, వెనక్కి పొమ్మందట. మాట తప్పింది తను, నింద మా అక్క మీద. నవల కనుక ఎవరూ అడగరనుకున్నాడు. నేను అడుగుతాను. స్టేజీ మీదే, మైకులో.

ఆగస్టు 11

స్పీచ్ బాగా వచ్చింది. పిల్లలకు పాఠాలు చెప్పిన రోజుల్లో కూడా ఇంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. అయితే అక్క పేరు ఎత్తాలంటే అక్కను అడగాలి.

ఆగస్టు 14

కొత్తగూడెం నుంచి బస్సులో తండాకు వెళ్లాను. హేమ్లి మక్క కంకులు ఒలుస్తోంది. ఆ చాప్టర్ చదివి వినిపించాను. కంకి పక్కన పెట్టి మరీ నవ్వింది. మా భాషలో అన్నది, తెలుగులో రాస్తున్నాను.

“సక్కగనే రాసిండు. నేనే పొమ్మన్న.”

ఆ ఏడు పాట ఎత్తుకునే వంతు తనదట. తీజ్ ఆచారంగా ఆడపిల్లలు రేగుముళ్లకు శనగలు గుచ్చుతుంటే కొమ్మ ఊపి ఏడిపించే బావల మీద ఏ పాట కట్టాలో కూడా అనుకొని పెట్టుకుందట.

“సదువు యాడికి పోతది, మళ్ల పోవచ్చనుకున్న. గంతే.”

ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదని అరిచాను. మళ్లీ కంకి చేతిలోకి తీసుకుంది.

“నువ్వు నా కోసం ఒకని మీద కోపం పెట్టుకుంటివి. నాకు గది మంచిగనిపించేది, కిషన్. ఇంకెవరు పెట్టుకున్నరు?”

మీటింగ్‌కు తనూ వస్తానంది. ఏ చీర కట్టుకోవాలో అడిగింది.

ఆగస్టు 17, ఖమ్మం

ముందు వరుసలో హేమ్లి. జేబులో స్పీచ్. దాన్ని బయటకు తీయలేదు. మైకులో పడవవాళ్ల గురించి చెప్పాను, తెగిన రీళ్ల గురించి చెప్పాను. చప్పట్లు కొట్టారు. హేమ్లి అందరికంటే ఆలస్యంగా ఆపింది.

కిందికి దిగాక వెంకటేశ్వరరావు చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు కర్ర లేకుండా నిలబడలేడు. ఇంకా కోపమేనా కిషనూ అని అడిగాడు. అవ్ అన్నాను. చెయ్యి మాత్రం వెంటనే వదిలించుకోలేదు.

ఆగస్టు 18

పద్నాలుగేళ్ల పిల్ల. చేతులనిండా మన్ను, ధ్యాసంతా పాట మీద. ఆ పిల్ల పొమ్మంటే పోవడమేనా? జీపు దిగాల్సింది. అలగాల్సింది. వాగు దాటి ఇటు రావాల్సింది. ఇటువైపు నేనున్నాను.

ఎవరేమన్నా నేను తప్పు పట్టేది ఒక్కణ్ణే. వెంకటేశ్వరరావును.