గొంతు మీద చెయ్యి

మే 12
మనవరాలు హారిక సెలవులకు వచ్చినాది తిరపతి నుంచి. పుస్తకాల సంచికి భుజం వంగిపోతుందేమో ఈ పిల్లకి. ఒకేసారి రెండు చదువులంట. ఒకటి తెలుగు. రెండోది పిల్లల ఎదుగుదల. తెలుగైతే టీచరు పనన్నా వస్తాది... రెండోదానికి ఎవరు పిలిచి ఉద్యోగమిస్తారు? పిల్లోళ్లు ఎదిగేది కూడా చదవాల్నా అంటే, "నువ్వు చదవకుండానే పెంచినావులే అవ్వా" అని నవ్వుతాది.

మే 13
ఎండ. కరెంటు లేదు. పిల్ల కడుపు నొప్పంటాది. దోవలో ఏం తిన్నదో.

మే 15
తెలుగు చదువుకి జోలపాటలు కావాలంట. చిన్నోణ్ణి ఒళ్లో ఏసుకొని పాడినాను, హారిక ఫోనులో పట్టుకున్నాది. వాడు ఎప్పట్లాగే నా గొంతు మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. మునిమనవడికి నేనంటే అంత ప్రాణం. వాళ్లమ్మ స్రవంతికి కుళ్లు — "కన్నది నేను, పట్టుకునేది నీ గొంతునా!"
పాట అయిపోయినా హారిక ఫోను ఆపలే. వాణ్ణే చూస్తా ఉండాది.

మే 16
"వాడికి రెండేళ్లు నిండినాయి కదవ్వా. మాటలు?"
వస్తాయిలే అన్నాను. వాళ్ల నాయనకీ ఆలస్యమే. మాటలు రావాలని పురిట్లోనే వస అరగదీసి నాకించినాను గదా.
ఇక్కడ రాసుకుంటా ఉండాను — నాకూ ఆ దిగులు ఉండాది. పైకి అంటే నిజమైపోతుందేమోనని...

మే 17
చిన్నోడు మంచం మీద ఆడుకుంటా ఉన్నాడు. వాడికి వినపడతాదా అంటాది హారిక. వినపడతాది చూడు, అని పిలిచినాను. తిరిగినాడు. చూసినావా!
"మంచం పట్టె తట్టకుండా పిలువవ్వా."
నేను తట్టినానా? పిలిచినప్పుడల్లా తడతానంట. నాకే తెలీదు.
చేతులు కొంగులో చుట్టుకొని పిలిచినాను. మళ్లీ. గట్టిగా.
వాడు బొమ్మ లారీ చక్రం తిప్పుకుంటా ఉన్నాడు.

మే 18
ఇంట్లో రగడ.
స్రవంతి — "నీ చదువుకి నా బిడ్డే దొరికినాడా? మేనత్తవి, గిలక్కాయ తెచ్చియ్యి. పరీచ్చలు పెట్టబాక."
హారిక — "ఒక్కసారి చెవి చూపిద్దాం వదినా. ఏం లేకుంటే నన్ను తిట్టుకో."
"ఉంటే?"
స్రవంతి బిడ్డని ఎత్తుకొని లోపలికి పోయినాది.

మే 19
అన్నం సయించలే.
వాడు గొంతెందుకు పట్టుకుంటాడో హారిక చెప్పినాది. పాడేటప్పుడు గొంతు అదిరేది చేతికి తెలుస్తాదంట. అయితే పాట వాడికి తెలిసినట్టా, తెలీనట్టా? అడిగినాను. ఏ చదువులోనూ అది చెప్పలేదంట.

మే 21
స్రవంతి పెరట్లో వాడి వెనక నిలబడి పిలుస్తా ఉండాది. నన్ను చూసి బట్టలు ఆరేసేదానికి పోయినాది.

మే 23
ఆత్మకూరులో ఈ పొద్దు చెవి డాక్టరు ఉంటాడంట. పొద్దున బస్సుకే పోయినారు. స్రవంతే ముందెక్కినాది, బిడ్డని ఎవరికీ ఇయ్యకుండా. నీళ్ల సీసా ఇక్కడే మర్చిపోయినారు. ఈ ఎండకి... నా మోకాళ్లు బాగుంటే నేనూ పోదును.
ఫోను రాలే. వస్తే ఏం వినాల్నో. రాకుంటే ఎట్ల?
మంచం మీద కూచొని చెవుల్లో దూది కుక్కుకున్నాను. గొంతు మీద చెయ్యి పెట్టుకొని జోల పాడినాను. అదురుతా ఉండాది... సన్నంగా, చీమ పాకినట్టు. వాడికి దక్కింది ఇంతేనా? ఇంతకేనా కళ్లు మూసుకునేది?
మళ్లీ పాడినాను.
అయ్యో, ఈ దూదితో ఫోను మోగినా నాకు వినపడదు కదా —