ఫొటోలో మూడో మనిషి

ఇలోనా ఆంటీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ అమెరికాలో, మన ఐసెలిన్ వీధిలో మీ ఇల్లు తాళం వేసే ఉంది. అందుకే పోయిన వారం మీ పేరున హంగరీ నుంచి పార్సిల్ వస్తే, పక్కింటిదాన్నని నాకు ఇచ్చి వెళ్లారు. అక్కడ మీరు పుట్టిన చిన్న ఊరి చరిత్ర పుస్తకం. మీరే ఎప్పుడో ఆర్డర్ చేసినట్టున్నారు.

ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకుంటూ చదివాను. సంత, బ్యాండు మేళం, ఫైర్ బ్రిగేడ్, అన్నీ ఉన్నాయి. ఫైర్ బ్రిగేడ్ ఫొటోలో మూడో మనిషి మీ నాన్నగారే. మీ హాల్లో గోడకున్న ఫొటోనే అది. కింద అందరి పేర్లూ వేసి, ఆయన దగ్గర మాత్రం ‘పేరు తెలియదు’ అని వేశారు.

నాకు ఒళ్లు మండింది. శనివారం విశ్రాంతి దినం, పొయ్యి వెలిగించకూడదని మీ యూదుల ఇళ్లవాళ్లు శుక్రవారమే చిక్కుడు గింజల కుండలు తెచ్చి ఆయన బేకరీ బట్టీలో పెట్టించుకునేవారట కదా. మర్నాడు చీటీ ముక్క లేకుండా ఎవరి కుండ వాళ్లకి ఇచ్చేవారని మీరెన్నిసార్లు చెప్పారు! రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కుండలవాళ్లనీ, ఆయన్నీ, మిమ్మల్నీ ఒకే రైల్లో నాజీల శిబిరానికి తీసుకుపోయారు. వెనక్కి వచ్చింది మీరొక్కరే. మరి రోజూ ఆయన దగ్గర రొట్టెలు కొన్న మిగతావాళ్లు ఊళ్లోనే ఉన్నారు కదా ఆంటీ, వాళ్లకైనా పేరు గుర్తులేదా?

పుస్తకం వేసినవాళ్లకి మెయిల్ పెట్టాను. ఆధారం పంపితే చూస్తామన్నారు. మీరు చెప్పిన మాటలు తప్ప నా దగ్గర ఏముంది?

బాల్‌పెన్ తీసుకుని ఫొటో కింద ‘షాందోర్’ అని నేనే రాశాను. మీ భాష రాయడం నాకు రాదు. మీరు పలికినట్టే, తెలుగులో రాశాను.