అబ్బాసియా గదిలో దాగిన ఆటగాడికి

గున్నార్ అబ్బీ,

నీకు తెలుగు రాదు, అయినా రాస్తున్నా. నిన్న మా మనవరాలు ఫోన్లో నిన్ను చూపించింది. ఐస్‌లాండ్‌లో నీ బాస్కెట్‌బాల్ ఆటకు సన్మానమంట. తల నెరిసినా నవ్వు అదే.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌లోకొచ్చి తెల్లోళ్లను పట్టుకుపోతుంటే, నువ్వాడే క్లబ్బులో నీ బట్టలుతికే నేను నిన్ను మనోళ్లుండే అబ్బాసియాలో మా గదికి తెచ్చి దాచినా. మంచం చాలక నీ కాళ్లు బయటికొచ్చేవి. వచ్చీరాని అరబ్బీలో "పోతే కలిసే పోదాం, అన్నా" అనేవాడివి.

నేను రొట్టెల కోసం వరుసలో నిలబడినప్పుడు ఎవరిదో కారొచ్చింది, నువ్వెక్కి పోయావు. మా గదిలో ఒకరు రాందే ఎవరమూ తినం. వస్తావని నీ కంచానికి మూతేసి సాయంత్రం దాకా కూర్చున్నాం.

ప్రాణభయంతో పోయినావు, దానికి కోపం లేదు. నిన్న ఎవరో "కువైట్‌లో నిన్నెవరు కాపాడారు?" అనడిగితే, "ఎవరూ లేరు, ఒక్కడినే దాక్కున్నా" అన్నావంట. మనవరాలే అర్థం చెప్పింది.

"నువ్వు చెప్పే తమ్ముడు ఈయనేనా తాతా?" అనింది.

"కాదులేమ్మా, ఆ మనిషి వేరే" అన్నా.