బాపు తాగిన సున్నపు తేట

అమ్మా,

నువ్వు బావి దగ్గర జారిపడి, తుంటి విరిగి కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది. బాపుతో నేను వేగలేకపోతున్నాను. ఎముకలు గట్టిపడతాయని యాచారం చుట్టమెవరో చెప్పిందే తడవు, పూటకో గ్లాసు సున్నపు తేట తాగడం మొదలుపెట్టాడు. వద్దంటే వినలేదు.

మొన్న మూత్రం ఆగిపోయి, నడుము పట్టుకుని నేలమీద పొర్లాడాడు. బండి కట్టించి ఇబ్రహీంపట్నం దవాఖానకు తీసుకుపోయాను.

"సున్నం జరంత అయితే మంచిదే. గిట్ల గ్లాసులకు గ్లాసులు తాగితే లోపల రాళ్లు కట్టవా?" అని డాక్టరు కోప్పడ్డాడు.

రెండు రోజులు నరకం చూశాక రాయి పడిపోయింది. ఇంటికి రాగానే మళ్లీ తేట కుండ మూత తీశాడు!

"సావాలనుందా బాపూ?" అని అరిచాను.

"కాదు బిడ్డా. నా ఎముక గూడ ఇరిగి నేను పోతే నువ్ ఒక్కదానివైతవ్" అన్నాడు.

కుండ పెరట్లో బోర్లించి, ఆయనను బువ్వకు కూర్చోబెట్టాను. నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదమ్మా.