ఇదా, అదా

ప్రియమైన నాన్నకు,

ఫోన్‌లో చెబితే మధ్యలో అమ్మ లాక్కుంటుంది, అత్త స్పీకర్ పెట్టమంటుంది. అందుకే ఉత్తరం. షాపులోనే కూర్చుని చదువు, ఇంటికి పట్టుకెళ్లకు.

మొన్న ఫోన్‌లో "ఏది నిజమో తెలియడం లేదు, నిద్ర పట్టడం లేదు" అన్నాను. అంతే. సాయంత్రానికల్లా నాకెవరో అబ్బాయి ఉన్నాడు, వాడు మోసం చేశాడు, నేను చిక్కి సగమయ్యాను. అత్త అయితే వాడి ఎత్తు కూడా చెప్పిందట. ఇరవై మూడేళ్లు ఆ ఇంట్లో పెరిగాను. నన్ను ఒక్క ప్రశ్న అడిగినవాళ్లు లేరు. జవాబులు మాత్రం అందరి దగ్గరా సిద్ధంగా ఉంటాయి.

నేను మాట్లాడింది వెలుతురు గురించి నాన్నా.

మా ల్యాబ్‌లో ఒక నల్లటి పెట్టె ఉంది. అందులో కాంతిని ఎంత తగ్గిస్తామంటే, ఒక్కో రేణువే విడిగా బయలుదేరుతుంది. దారిలో ఒక రేకు, దానికి పక్కపక్కనే రెండు సన్నటి చీలికలు. అవతల తెర. ఒక్కో రేణువు తెర మీద ఒక్కో చుక్క పెడుతుంది. వేల చుక్కలు పడేసరికి చారలు తేలతాయి. రెండు చీలికలూ తెరిచి ఉంటేనే ఆ చారలు. ఒంటరిగా వెళ్లే రేణువుకి పక్క చీలిక తెరిచి ఉందని ఎవరు చెప్పారు? పోనీ, ఏ చీలికలోంచి వెళుతోందో చూద్దామని కాపలా పెడితే చారలు మాయం.

దీనికి లెక్క అందరిదీ ఒకటే. అర్థం మాత్రం తలా ఒకటి. "చూడకముందు ఏ దారి అన్న ప్రశ్నకి జవాబే లేదు" అంటారు కొందరు. "ఎందుకు లేదు, ఒక్క దారినే వెళుతుంది, కంటికి కనబడని అల దాన్ని నడిపిస్తుంది" అంటారు ఇంకొందరు. "రెండూ జరుగుతాయి, లోకమే రెండుగా చీలుతుంది, దాంతోపాటు నువ్వూ" అంటారు మరికొందరు. మా సీనియర్‌ని అడిగితే "మార్కులు లెక్కకా, అర్థానికా?" అన్నాడు.

మెట్ల కింద గదిలో కూర్చునే మేడమ్ ఒక్కరే నవ్వలేదు. "ఈ ప్రశ్న మీదే ఏడాది నాతో పనిచేస్తావా? జీతం అంతంతమాత్రం. కప్పు వాలుగా ఉంటుంది, లేచినప్పుడల్లా తల తగులుతుంది" అన్నారు. అటు మన షాపుకి రెండు వీధుల అవతల కొలత పరికరాల కంపెనీ వాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. నెలాఖరులోగా చెప్పాలి. నా నిద్ర పోయింది ఈ రెండింటి మధ్య. ఏ అబ్బాయీ ఎత్తుకుపోలేదు.

నీ
ఎందుకమ్మ

*

ప్రియమైన ఎందుకమ్మకు,

షాపులోనే చదివాను, రెండుసార్లు. మూడోసారి మీ అమ్మ నా చొక్కా జేబులోంచి తీసి చదివింది. లోకం చీలుతుందన్న చోట ఆగి, "అయితే ఆ రెండో లోకంలో నా కూతురు చెప్పిన మాట వింటూ ఉంటుంది. దాన్ని ఇటు పంపి, దీన్ని అటు ఉంచుకోమను" అంది. అత్త ఆ అబ్బాయిని ఇంకా వదల్లేదు. "మనం చూడనంత మాత్రాన లేడని ఎలా అంటావురా?" అంటోంది. ఆవిణ్ణి మీ ల్యాబ్‌లో చేర్చుకోండి.

మాటలొచ్చీ రాగానే "ఎందుకు" అని మొదలుపెట్టావు, పేరే అయి కూర్చుంది. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. కంటి పరీక్షలో ఒక లెన్సు తీసి ఇంకోటి వేసి "ఇదా, అదా?" అంటాను కదా. మధ్యమధ్యలో తీసినదే మళ్లీ వేస్తాను. చాలామంది "ఆఁ, ఇప్పుడు బాగుందండీ" అంటారు. అబద్ధం కాదు పాపం, వాళ్లకి నిజంగానే బాగా కనబడుతుంది. వేరే లెన్సు అని నేను చెప్పను, అడుగుతానంతే. ఎవరి జవాబుని ఎంతవరకు నమ్మాలో దాంతో తెలిసిపోతుంది.

మీవాళ్ల అర్థాలూ అంతేనేమో? లెక్క ఒకటే వస్తున్నప్పుడు, ఒకే లెన్సుకి మూడు పేర్లు పెట్టుకుని నాది బాగుంది, నాది బాగుంది అనుకోవడమే కదా? దానికోసం మెట్ల కింద తల బాదుకోవడం దేనికి?

మనిషి గుమ్మంలో నిలబడి అక్షరాల బోర్డు వైపు కళ్లు చికిలించే తీరు చూసి పవర్ చెప్పేవాణ్ణి. నా కూతురి మనసు తెలియదా? నీకు ఆ ఉద్యోగమే కావాలి. పైకి అనడానికి నామోషీ. ఊఁ అని రాసి పంపు, కంపెనీకి ఆ కాగితం నేనే పట్టుకెళ్లి ఇచ్చి వస్తాను.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

నీ ప్రశ్న మేడమ్‌కి చదివి వినిపించాను. ఆవిడ గబుక్కున లేచారు, కప్పుకి తల కొట్టుకున్నారు, రుద్దుకుంటూనే "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అన్నారు. కళ్లజోళ్ల షాపు అన్నాను. "ఇక్కడ ఇంత సూటిగా ఎవరూ అడగరు" అన్నారు. పొంగిపోకు, జవాబు కూడా ఉంది.

ఒకప్పుడూ ఇలాగే "తేడా ఏముందిలే" అనుకున్నారట. జంటగా పుట్టి చెరో దిక్కుకి పోయే రేణువులుంటాయి. ఇక్కడ ఒకదాన్ని అడిగితే, అక్కడ రెండోది దానికి పొంతన కుదిరే జవాబే చెబుతుంది. ఇందులో వింతేముంది, బయలుదేరేటప్పుడే జవాబులు కవర్లలో పెట్టుకుని వెళ్లి ఉంటాయి అన్నారు కొందరు. కాదు, అడిగేదాకా జవాబే లేదన్నారు ఇంకొందరు. ఎటు తిప్పినా ఒకటేలే అనుకుంటూ ఉండగా ఒకాయన కూర్చుని లెక్క కట్టాడు. మధ్యలో ఒకదానికొకటి కబురంపుకోకుండా, అవి ఉత్త కవర్లే మోసుకెళుతుంటే, ఎన్ని రకాలుగా అడిగినా ఆ పొంతన ఒక హద్దు దాటకూడదు. కొలిచి చూశారు. దాటింది. అంటే ఉత్త కవర్ల కథ నిలబడదు.

తేడా ముందునుంచీ ఉంది నాన్నా. ఎలా అడగాలో తెలియలేదంతే. మేడమ్ గదిలో జరిగే పని అదే, అడిగే పద్ధతి వెతకడం.

ఇక నా మనసు సంగతి. నీకు అంత బాగా తెలుసు కాబట్టి ఒక పని చెయ్యి. దీంతోపాటు రెండు కవర్లు పంపుతున్నాను. రెండింటి మీదా కంపెనీ అడ్రసే. రెండూ అంటించేశాను. తెరవకుండా ఒకటి ఎంచుకుని ఇచ్చి రా. రెండోది నీ దగ్గర ఉంచు. ఏది ఎంచుకున్నావో, ఏం చూసి ఎంచుకున్నావో రాయి.

ఇదా, అదా?

నీ
ఎందుకమ్మ

*

ప్రియమైన ఎందుకమ్మకు,

కవర్లు చేరాయి. ఇంత భారం నా మీద పెట్టావేమిటే అని మొదట భయం వేసింది. షాపు బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని ఒక పూటంతా చూశాను. వెలుతురుకి పెట్టి చూడలేదు, ఒట్టు. మీ అమ్మ చూసింది. కవరు దళసరి, ఏమీ కనబడలేదట.

ఒకదాని మీద అడ్రసు పొందిగ్గా ఉంది. రెండోదాని మీద కంపెనీ పేరు పక్కన సిరా మరక. "చూశారా, వద్దని రాయడానికి పిల్లకి చెయ్యి వణికింది" అంది అమ్మ. నాకూ అలాగే తోచింది. మరక లేనిది ఇచ్చేశాను. అక్కడి ఆఫీసరు మన దగ్గర కళ్లజోడు చేయించుకున్నవాడే. తీసుకుని ట్రేలో పడేశాడు, తెరవలేదు. మరకది నా సొరుగులో ఉంది, వంకర ఫ్రేముల కింద.

పై గదికి రంగు వేయించాను. నీ బల్ల కిటికీ వైపు జరిపాను. అమ్మ దుప్పట్లు ఉతికేసింది.

ఒక్క మాట. ఇచ్చి వస్తుంటే వీధి మలుపులో కాళ్లు ఆగిపోయాయి. ఆ మరకలో నీ చెయ్యి చూశానా, నాకు కావలసింది చూసుకున్నానా అని. మళ్లీ నడిచాననుకో.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

వంకర ఫ్రేముల కింద ఉన్న కవరు తీసి చదువు. తర్వాత ఇది చదువు.

చదివావా? నువ్వు ఆఫీసరుకి ఇచ్చినదాంట్లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. ఒకటి ఔనని, ఒకటి కాదని నేనెక్కడా రాయలేదు. అడిగానంతే. నీ షాపులో నేర్చుకున్నదే. మరకకి అర్థమేమీ లేదు. పెన్ను కారింది.

వీధి మలుపులో కాళ్లు ఆగాయన్న చోట నేనూ ఆగి, మళ్లీ చదివాను. నా గురించి మన ఇంట్లో ఒకరు తమను తాము ప్రశ్న వేసుకోవడం అదే మొదటిసారి. నాకు ఆ వాక్యం చాలు.

నా జవాబు కవరు అంటించక ముందే అందులో ఉంది. మనుషుల కవర్లు తేలిక, చింపితే తెలిసిపోతుంది. రేణువు దగ్గర అసలు కవరే లేకపోతే, మనం అడగనప్పుడు ఈ లోకం ఏమై ఉంటుంది? నాకే కాదు, ఇంతవరకు ఎవరికీ తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. దిగులుతో కాదని అత్తకి కూడా చెప్పు.

కిటికీ దగ్గర బల్ల మీద నీ లెన్సుల పెట్టెలు పెట్టుకో. అక్కడ వెలుతురు బాగుంటుంది.

నేను కంపెనీలో చేరడం లేదు. ఒకటో తారీఖు నుంచి మెట్ల కింద గదిలో పని చేస్తాను.

నీ
ఎందుకమ్మ