సీలు తీయని మర్యాద

పిఠాపురం

మహారాజశ్రీ బావగారు శివరామకృష్ణ గారికి,

మీ వియ్యంకుడు లోవరాజు నమస్కరించి వ్రాయునది. మీ కోడలు హారతి, మన మనవరాలు కులాసా. పిల్ల రంగు మాది, ముక్కు మాత్రం అచ్చం మీదే.

ఫోన్ చేద్దామంటే ఇంట్లో ఆడవాళ్ళంతా స్పీకరు చుట్టూ చేరిపోతున్నారు. అందుకే మీ ఊరికీ మా ఊరికీ తిరిగే రొయ్యల మేత లారీ డ్రైవరు బుజ్జిబాబు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. సంగతేంటంటే, హారతి ఒక ఆర్డరు వేసింది. "నాన్నా, మీరూ మావయ్యగారూ రోజంతా ఆసుపత్రుల్లో దగ్గేవాళ్ళ మధ్య తిరుగుతారు. స్వైన్ ఫ్లూ టీకా వేసుకోకుండా నా పిల్లని ముట్టుకోడానికి వీల్లేదు" అంది. నర్సు కదండీ, లీవులో ఉన్నా డ్యూటీ మానదు. నా మంచం అరుగు మీదకొచ్చేసింది.

టీకా చూస్తే ఎక్కడా దొరకట్లేదు. మా ప్రభుత్వాసుపత్రిలో సగం మంది సిబ్బందికి కూడా రాలేదు. చీటీలు వేస్తే నా పేరు తగిలింది. మధ్యలో మాయం కాకుండా మా డాక్టరమ్మ ఎవరి టీకా వాళ్ళకి కాగితం చుట్టి, లక్క సీలు వేసి ఇచ్చింది. ఫార్మసిస్టునన్న పేరే గానీ నాకూ అదే పొట్లం. ఇంటి దగ్గర హారతి వేస్తుందని చెప్పి తెచ్చుకున్నాను.

మీరు కాంపౌండరుగా చేసే నర్సింగ్‌హోముకి అసలు రానేలేదని అల్లుడు సుధాకర్ చెప్పాడు. మగపెళ్ళివారు మీరుండగా నేను ముందు వేసుకుంటే ఏం బాగుంటుందండీ? సీలు తీయకుండా పంపుతున్నాను. పిల్లని ముందు మీరే ఎత్తుకోవాలి.

ఇట్లు,
మీ లోవరాజు

తా.క.: ఐసు పెట్టెలో పంపుతున్నాను, పొట్లానికి ఐసు తగలకుండా మధ్యన అట్టముక్క పెట్టాను. గడ్డకడితే టీకా పనికిరాదు. పక్కనున్న కాకినాడ కాజాలకి ఆ భయం లేదు.

*

భీమవరం

గౌరవనీయులైన బావగారికి,

శివరామకృష్ణ నమస్కారాలు. మీ ఉత్తరం చదివి మా ఆవిడ దుర్గాశ్రీ కళ్ళు తుడుచుకుంది. "ఎంత మర్యాదండీ వాళ్ళది!" అంది.

కానీ బావగారూ, చీటీ మీది, టీకా మీది. పిల్లనిచ్చిన వారు మీరు అరుగు మీద పడుకుంటే నేను టీకా వేసుకుని దర్జాగా మీ ఇంట్లోకి నడిచొస్తానా? ఆ పాపం నాకొద్దండి. సీలు మీద వేలైనా పెట్టలేదు. వెనక్కి పంపుతున్నాను, ముందు మీరు కానివ్వండి.

మీ బావ,
శివరామకృష్ణ

తా.క.: పెట్టె ఖాళీగా పంపడం మా ఇంటా వంటా లేదు. రొయ్యలు వేశాను.

ఇంకో మాట: కాజాల సీలు మాత్రం తీసేశాం.

*

పిఠాపురం

బావగారికి నమస్కారాలు.

లారీ దిగిన పెట్టెలో పొట్లం చూసి మా ఆవిడ రామతులసి మొహం ముడుచుకుంది. "మనం పంపింది వాళ్ళకి ఆనలేదు కాబోలు" అని రొయ్యలు వలుస్తున్నంతసేపూ సణిగింది. తినేటప్పుడు మాత్రం రెండోసారి వడ్డించుకుంది.

మిమ్మల్ని దాటి నేను వేసుకుంటే రేపు నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోనండీ? మళ్ళీ పంపుతున్నాను, కాదనకండి. హారతి రోజూ పొద్దున్నే పిల్లని కిటికీ దగ్గరకి తెచ్చి నాకు చూపిస్తోంది. ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టబోతే ఆ చేతి మీద కొట్టింది. ఆ కిటికీ బతుకు మీకు రాకూడదనే నా తాపత్రయం.

మీ లోవరాజు

తా.క.: టీకా వేసుకున్నానని డాక్టరమ్మకి చెప్పి, నమ్మకానికి జబ్బకి దూది అంటించుకున్నాను. నిన్న కుడి జబ్బకి, ఇవాళ ఎడమ జబ్బకి. "జబ్బలకి దూది దేనికండీ లోవరాజు గారూ?" అని అడిగింది.

ఇంకో మాట: ఈసారి ఆత్రేయపురం పూతరేకులు.

*

భీమవరం

శ్రీ లోవరాజు గారికి,

మీ పెట్టె మళ్ళీ దిగింది. దుర్గాశ్రీ ఈసారి కళ్ళు తుడుచుకోలేదు, పెద్దవి చేసింది. "దేశమంతా టీకా కోసం కొట్టుకుంటుంటే ఈయన చేతికొచ్చింది ఎందుకు వదులుకుంటున్నాడు? అందులో ఏదో ఉంది. ముందు మీ మీద వేసి చూద్దామనుకుంటున్నారు" అంది. నేను కొట్టిపారేశాను. కానీ రాత్రంతా ఆలోచించాను.

మన పిల్లల పెళ్ళిలోనూ ఇలాగే "ముందు మీరు కూర్చోండి" అని నన్ను బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీకి ఒక కాలు లేదు. అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడంటున్నాను. మీరు వేసుకుని, బాగుందని రాసేదాకా నేను ముట్టుకోను. వాపసు పంపుతున్నాను.

శివరామకృష్ణ

తా.క.: పూతరేకులు ఐసు నీళ్ళకి కరిగిపోయాయి. గ్లాసుల్లో పోసుకుని తాగాం. రుచి పోలేదు.

ఇంకో మాట: కోపంలో ఉన్నా ఖాళీ పెట్టె పంపను. పండుగొప్ప చేప పెట్టాను. ముల్లు జాగ్రత్త.

*

పిఠాపురం

బావగారూ,

ఇక మర్యాదలు కట్టిపెట్టి ఉన్నమాట రాస్తున్నాను. గురువారం బారసాల. టీకా గడువు కూడా ఆ రోజుతో సరి. తాతలిద్దరిలో ఒక్కరైనా వేసుకోకపోతే పిల్లని ఉయ్యాల్లో వేయడానికి ఆసుపత్రి గడప తొక్కని ఎదురింటి పల్లంరాజు గారిని పిలుస్తానంది హారతి. ఆయన అప్పుడే కొత్త పంచె కొనుక్కుని, మా కిటికీ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. నా గుండె మండిపోతోందండీ.

కుర్చీ కాలు సంగతి నిజంగా తెలియకే మీకు వేశాను. టీకాలో కూడా ఏమీ లేదు. నాకు సూదంటే భయం, అంతే! మందుల గదిలో ఇన్నేళ్ళు మాత్రలు లెక్కపెట్టాను గానీ, పక్క గదిలో ఎవరికైనా సూది వేస్తుంటే తలుపు మూసుకునేవాణ్ణి. ఆ భయానికి మర్యాద అని పేరు పెట్టి మీ మీదకి తోశాను. క్షమించండి. మీరు రోజూ సూదులు పట్టుకునే మనిషి, మీకిదో లెక్క కాదు. వేసుకుని వచ్చి మన పిల్లని పల్లంరాజు చేతుల్లో పడకుండా కాపాడండి.

మీ లోవరాజు

తా.క.: ఈసారి పెట్టెలో టీకా తప్ప ఇంకేమీ లేదు. సిగ్గుతో చేతులాడలేదు.

*

భీమవరం

ప్రియమైన బావగారికి,

మీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. ఆ తర్వాత చెమటలు పట్టాయి. బావగారూ, ఊరందరికీ సూదులు పొడిచాను గానీ నన్నెవరూ పొడవలేదు. అది ఎంత నొప్పో రోజూ పేషెంట్ల మొహాల్లో చూస్తున్నవాణ్ణి, నాకంటే ఎవరికి తెలుస్తుందండీ? ఆ పాపం నాకొద్దని రాశానే, అదంతా ఈ భయమే.

అయినా పల్లంరాజు పంచె కళ్ళముందు మెదిలింది. దుర్గాశ్రీ చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని సీలు తెంపాను. లోపల సూది లేదు! ముక్కులో కొట్టుకునే మందు బావగారూ! మనిద్దరం ఇన్నాళ్ళూ కాజాలు, రొయ్యలు, పూతరేకులు తోడిచ్చి అటూ ఇటూ ఊరేగించింది ముక్కుచుక్కల్ని!

చుక్కలని తెలిశాక ఇక మర్యాద గుర్తు రాలేదు. వెంటనే రెండు ముక్కుల్లోనూ కొట్టేసుకున్నాను. అదే ముక్కు పిల్లకి వచ్చిందన్నారు కాబట్టి న్యాయమే అనుకుంటాను.

మీ సంగతి మర్చిపోలేదు. నిన్ననే మా నర్సింగ్‌హోముకి కూడా కోటా వచ్చింది. నా వంతుది మీ కోసం తీసుకుని బుధవారం దిగుతున్నాను. డాక్టరుగారు మీకు వేయడానికి ఒప్పుకున్నారు. ఇది మాత్రం సూదేనండి. నేనే వేస్తాను, నాది తేలిక చెయ్యి.

మీ శివరామకృష్ణ

తా.క.: ఈసారి "ముందు మీరు" అనడానికి వీల్లేదు. నేను ముందే అయిపోయాను.

ఇంకో మాట: హారతితో ఫోన్లో మాట్లాడాను. సూది వేసేటప్పుడు పిల్లని తెచ్చి మీ ఎదురుగా కూర్చుంటానంది. అది అవగానే మీ ఒళ్ళో పెడుతుందట. మీరు నా చేతివైపు చూడకండి, దాని మొహం చూస్తూ ఉండండి.