పదకొండో రోగి

సూర్యాపేట, 1991 జులై, గురువారం

లింఫోమా క్యాన్సర్‌కు మేమిచ్చిన మందుల మీద ప్రొఫెసర్ గారు రాసిన వ్యాసం అచ్చయి ఈరోజు పోస్టులో వచ్చింది. రచయితల్లో రెండో పేరు నాది. ఆరేళ్ల కష్టం కదా, సంబరంగానే చదవడం మొదలుపెట్టాను. పట్టికలో పదకొండో రోగి దగ్గర ఆగిపోయాను. జబ్బు పూర్తిగా తగ్గి క్షేమంగా ఉన్నాడని రాసి ఉంది. ఆ రోగి పెన్‌పహాడ్ ఊరి ఐలయ్య.

పోయిన చలికాలం నేనే బస్సెక్కి అతన్ని చూడటానికి వెళ్లాను. గొర్రెల దొడ్డి దగ్గర అతని భార్య లింగమ్మ ఎదురొచ్చింది. "మెడకాడి గడ్డలు మల్ల లేసినయ్ డాక్టరమ్మా. దసరా ముంగటనే పోయిండు. జర మీ సారుకు జెప్పు, ఇంకొకలకైన మంచి మందిస్తడు," అంది. అదంతా రాసి ఆ కాగితం సార్ చేతికే ఇచ్చాను. తలూపి తీసుకున్నారు.

ఈ మధ్యాహ్నం సార్‌కు ఫోన్ చేసి అడిగాను.

"ఒక్క మనిషికి గింత పరేషాన్ ఎందుకమ్మా? నీ పేరు గూడ ఏసిన గద," అన్నారు.

ఈ విద్యంతా నాకు ఆయనే నేర్పారు. గడ్డను వేళ్లతో తడిమి ఎలా గుర్తుపట్టాలో నా చెయ్యి పట్టుకుని చూపించింది ఆయనే. కోపం కంటే ముందు నాకు సిగ్గు వేసింది.

ఐలయ్య చనిపోయాడని, వ్యాసంలో నా పేరు తీసేయమని ఆ పత్రిక సంపాదకులకు ఉత్తరం రాసి సాయంత్రమే పోస్టు చేశాను. అయినా మనసు కుదుటపడటం లేదు. కోదాడ వైపు రోగుల వివరాలన్నీ సార్ ఒక్కరే సేకరించారు. వాళ్లలో నిజంగా ఎందరు బతికున్నారో...

పొద్దున మొదటి బస్సుకే కోదాడ వెళ్తాను.